గెలిపించిన పళ్ళెం

“అక్కణ్నుంచి కదిలావంటే నువ్వు నా కొడుకువే కాదు,” అంది ఇయోలాండా హాల్లోంచి.

వంటింట్లో సింకు ముందు, మోచేతుల దాకా సబ్బు నురగతో తుల్లియో బిగుసుకుపోయాడు. చేతిలో లసాన్యా వంటకం అడుగంటిన పళ్ళెం. దాన్ని నీళ్ళ కింద పెట్టాడో లేదో, గోడ అవతల టీవీలో ఎర్ర కారు మొదటి స్థానంలోకి దూసుకుపోయింది. సీజన్‌లో మొదటి రేసు కోసం చలికాలమంతా కాచుకు కూర్చున్న మనిషి, తీరా ఆ క్షణాన గిన్నెలు తోముతున్నాడు.

“అమ్మా, ఒక్కసారి వచ్చి, ఎలా దాటాడో చూసి పోతాను.”

“దాటేటప్పుడు చూశావా?”

“లేదు.”

“మరి ఇప్పుడెందుకు చూడటం? తోము.”

ఆ ఊళ్ళో అది చట్టం. ఎర్ర కారు ముందుకెళ్ళినప్పుడు ఎవరు ఏం చేస్తుంటే, రేసు ముగిసేదాకా వాళ్ళు అదే చేస్తూ ఉండాలి. గెలిస్తే సీజనంతా, ప్రతి రేసుకీ అదే పని. తుల్లియోకి ఈ చట్టం మీద గురి మరీ ఎక్కువ. కిందటేడు తమ్ముడు జిల్దోను సీజనంతా మెట్ల మీద కూర్చోబెట్టింది అతనే.

“నీకు నయం అన్నయ్యా, వేడినీళ్ళొస్తాయి,” అని అరిచాడు జిల్దో, సోఫాలోంచి. “మెట్ల మీద అదీ లేదు.”

నిజానికి రేసు ప్రపంచానికి అవతలి కొసన, ఇక్కడి తెల్లవారుజామునే అయిపోయింది. ఉచితంగా వచ్చే ఛానెల్లో మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాకే వేస్తారు. అందుకని ఫలితం ముందే చెవిన పడకుండా రాత్రే ఫోన్లన్నీ సొరుగులో పెట్టి తాళం వేశారు. ఇలాంటి ఇళ్ళ మీద దయతలిచి దోన్ ఎర్మెస్ ఫాదర్ కూడా, ఎర్ర కారు గెలిచినా సరే, ఈ ప్రసారం ముగిసేదాకా చర్చి గంట మోగించడు. పొద్దున ప్రార్థనకు బయల్దేరిన కోడలు, తుల్లియో భార్య లోరెదానా చెవుల్లో ఇయోలాండా స్వయంగా దూది కుక్కి పంపింది.

“ఫాదర్ ప్రసంగం వినపడొద్దా అత్తయ్యా?”

“నా పెళ్ళినాటి నుంచీ అదే ప్రసంగం. వెళ్ళిరా.”

ఇప్పుడు లోరెదానా గొంతు కూడా హాల్లోంచే వచ్చింది, చాలా విచారంగా. “అంతా నా వల్లే తుల్లియో. టైర్లు మార్చుకొచ్చాక కూడా ఆ రెండో స్థానమే కదా, చూడటానికేముంది, ఒక్క నిమిషం ఆ పళ్ళెం గీకి పెట్టమన్నాను. ఇలా అవుతుందనుకున్నానా?”

“నీ తప్పేముందిలే. నువ్వు వచ్చి కాస్త తోడుగా నిలబడు.”

“నేనూ ఇరుక్కుపోయాను. నువ్వు లేచావు కదాని నీ కుర్చీలో కూలబడ్డాను. అత్తయ్య లేవనివ్వడం లేదు.”

“కాళ్ళు కూడా కింద పెట్టకు. అప్పుడు పీట మీదున్నాయి,” అంది ఇయోలాండా.

తుల్లియో పళ్ళెం గీకాడు. అది తళతళలాడాక గిన్నెలు తోమాడు, గరిటెలు తోమాడు. అప్పుడు కనిపించింది, గట్టు మీద ఆరబెట్టిన పులుసు గిన్నె మూత. కొంచెం వంచితే తలుపు సందులోంచి టీవీ బొమ్మ అందులో పడుతోంది. మూతలో చిన్న ఎర్ర చుక్క పరుగెడుతోంది. కన్నార్పకుండా చూశాడు.

ఎర్ర చుక్క మలుపులో జారి గడ్డిలోకి వెళ్ళింది.

“ఎవరు?” ఇయోలాండా గొంతు కత్తిలా వచ్చింది. “ఎవరో ఏదో మార్చారు. తుల్లియో?”

తుల్లియో మూతను బోర్లించాడు. కారు మళ్ళీ రోడ్డెక్కిందనీ, స్థానం పోలేదనీ జిల్దో కేక వేశాడు. తుల్లియో మూతను నీళ్ళలో ముంచేశాడు. ఇంకెప్పుడూ చూడను, అనుకున్నాడు.

“అమ్మా, గిన్నెలైపోయాయి.”

“తోమినవి తోము.”

“పై అరలో నా పెళ్ళి పింగాణీ ఉంది,” అంది లోరెదానా జాలిగా. “దుమ్ము పట్టింది. పనిలో పని.”

తుల్లియో పెళ్ళి పింగాణీ కడిగాడు. దీపాల గాజు బుడ్లు కడిగాడు. గోడ అవతల వ్యాఖ్యాత ఏం చెబుతున్నాడో అమ్మ జపమాల గొణుగుడులో కలిసిపోతోంది. అరుపును బట్టి మలుపు, నిశ్శబ్దాన్ని బట్టి ప్రమాదం ఊహించుకుంటూ తోముతూనే ఉన్నాడు. చివరికి ఇల్లంతా ఒక్కసారి కేరింతలతో మారుమోగింది. కాసేపటికి చర్చి గంట మొదలైంది.

తడి చేతులతోనే హాల్లోకి పరుగెత్తాడు. టీవీలో అప్పటికే వార్తలు వస్తున్నాయి. ఇయోలాండా అతని నానిపోయిన వేళ్ళు పట్టుకుని ముద్దు పెట్టుకుంది. “ఈ చేతులే గెలిపించాయి.”

“అంటే వచ్చే రేసుకి కూడా...”

“సీజనంతా అన్నయ్యా,” అని జిల్దో పొడి తువ్వాలు అతని భుజాన వేశాడు. “చట్టం నీదే.”

తుల్లియో ఆ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తను ఆ సింకు దగ్గర లేని రోజున ఎర్ర కారు ఓడిపోతే? ఆ ఊళ్ళో తల ఎత్తుకు తిరగగలడా?

“అయితే నాకూ ఆ కుర్చీ తప్పదన్నమాట,” అని నిట్టూర్చింది లోరెదానా.

సాయంత్రం ఆమె తీసిపెట్టిన లసాన్యా ముక్క మీద గుడ్డ కప్పి చర్చికి వెళ్ళింది. దోన్ ఎర్మెస్ గంట తాడు లాగి ఎర్రబడ్డ అరచేతులు రుద్దుకుంటున్నాడు.

“పొద్దున నీ చెవిలో దూది తీయించి మరీ చెప్పాను. సరిపోయిందా అమ్మా? టైర్లు మార్చాక, రెండో మలుపులోనేగా ముందుకెళ్ళింది?”

“అక్షరాలా.” లోరెదానా లసాన్యా ఆయన చేతిలో పెట్టింది. “వచ్చే రేసుకి కూడా తెల్లవారుజామునే లేచి చూడండి ఫాదర్, బట్టల ఇస్త్రీకి అత్తయ్య కావాలి.”