మందు చల్లిన బాట

"రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా, అంకుల్?"

"ఒళ్లంతా తడిసి ముద్దవుతుందమ్మా," అంది కమలం. "తెల్లారి దిండు గలీబు పిండితే నీళ్లు కారతాయి."

ఉదయశ్రీ లోలోపల నవ్వుకుంది. భర్తను అడిగిన ప్రశ్నకు భార్య జవాబు చెప్పడం ఆమెకు కొత్త కాదు. ఒంగోలులో ప్రాక్టీసు చేసిన రోజుల్లోనూ ఇంతే. మగవాళ్లు గోడ గడియారం కేసి చూస్తూ కూర్చుంటే, వాళ్ల బాధలన్నీ భార్యలు ఏకరువు పెట్టేవారు. ఇప్పుడామె సింగపూరులో, మాజీ సైనికులకు వచ్చే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ మీద పరిశోధన చేస్తోంది.

పరశురాముడు మలేసియాలో పుట్టిన తెలుగువాడు. ఆ దేశం ఇంకా మలయాగా ఉండి, అడవుల్లో కమ్యూనిస్టుల తిరుగుబాటు సాగిన కాలంలో సైన్యపు లారీ నడిపాడు. జురాంగ్ వెస్ట్‌లోని ఈ ఫ్లాట్‌కు ఉదయశ్రీని రప్పించింది ఆయన కూతురు శాంతిని. "నాన్న పాత సోల్జర్. ఇంట్లో లింఫ్ క్యాన్సర్ వచ్చింది. ఒకసారి వచ్చి మాట్లాడండి, డాక్టర్," అని ఫోనులో బతిమాలి, తాను మాత్రం ఆదివారం కూడా పాయా లేబర్‌లోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు పోయింది.

"అలసట?"

"కాసేపు నిలబడితే చాలు, కళ్లు తిరుగుతాయి." మళ్లీ కమలమే. చెప్పి, కాఫీకని లేవబోయింది.

"కూర్చో, నేను తెస్తాను," అని పరశురాముడు వంటింటి వైపు నడిచాడు. పోతూ పోతూ ఫ్యాను వేగం తగ్గించాడు.

"అంకుల్, ఈ స్థితిలో మీకెందుకు శ్రమ!"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను లా!" అన్నాడాయన, మాట చివర సింగపూరు యాస తగిలించి.

ఈ తరం మగవాళ్లు జబ్బును ఒక పట్టాన ఒప్పుకోరని ఉదయశ్రీకి తెలుసు. ఆయన గ్లాసులు తెచ్చి పెట్టేదాకా ఆగి, సైన్యంలో చెట్ల మీద చల్లిన మందు సంగతి చెప్పమంది.

"తిరుగుబాటువాళ్లు రోడ్డుకు రెండు పక్కలా పొదల్లో తుపాకులు పట్టుకుని దాక్కునేవాళ్లు. ఆకు మాడిపోవాలని మందు కొట్టేవాళ్లం. పీపాలన్నీ నా లారీలోనే. గాలి ఎదురు తిరిగితే ఒంటిమీదే వాన. చొక్కా అట్టకట్టేది."

"ఆ కంపు ఎంత ఉతికినా పోయేది కాదు," అంది కమలం. "బండకేసి బాదుతుంటే అరచేతులు భగభగ మండేవి. వారం వారం మూట తెచ్చి నా ముందు పడేసేవాడు, మహారాజు!"

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

"వచ్చింది ఆ మందు వల్లేనా, అమ్మాయ్?"

"అలాంటి మందులు తగిలిన సైనికుల్లో ఈ జబ్బు కొంత ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి, అంకుల్. అయితే మందు వాసన కూడా తెలియనివాళ్లకూ వస్తుంది. వేలమందిని చూసి తీసిన లెక్క అది. ఒక మనిషిని చూపించి, ఇది దానివల్లే అని ఎవరూ చెప్పలేరు."

"రాలేదనైనా చెప్పలేరా?"

"అదీ చెప్పలేం. పరిహారం కోసమైతే మాత్రం..."

"పరిహారం ఎవడిక్కావాలి? రాలేదని చెప్పు, చాలు."

ఉదయశ్రీ ఆశ్చర్యపోయింది. ఇంతవరకు ఆమె కలిసిన సైనికులంతా ఆ మందు వల్లే వచ్చిందని అనిపించుకోవడానికి ఆరాటపడినవారే. చేసిన కొలువుకు మచ్చ రాకూడదన్న అభిమానం కాబోలు అనుకుంది.

"రాలేదనే చెప్పేయమ్మా," అంది కమలం, శాలువా దగ్గరికి లాక్కుంటూ. "ఈయన నాలుగు మెతుకులు తింటాడు, కాస్త నిద్రపోతాడు."

"తెలియనిదాన్ని తెలుసని ఎలా చెప్పను, ఆంటీ?" ఉదయశ్రీ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ముందు మెడ దగ్గర గడ్డలు ఎంత ఉన్నాయో చూస్తాను. కాలరు కాస్త వదులు చేయండి, అంకుల్."

ఆయన ఆమె కేసి వింతగా చూశాడు. చెయ్యి కాలరు దాకా పోలేదు.

పరశురాముడు లేచి, కమలం మెడమీది శాలువా తొలగించాడు.