స్టార్ట్ నొక్కితే

"ఈ స్విచ్చా! దీన్ని చేసిన కంపెనీ మూతపడి, ఆ స్థలంలో సినిమా హాలు కట్టి, అదీ మూసేశారు," అన్నాడు స్పేర్ పార్టుల షాపాయన.

బీట్ల మాస్టారు కౌంటరు మీదికి వంగి దానివంక చూశాడు. గోరంతైనా లేని ఆ నల్ల స్విచ్చు, నొక్కితే దరువేసే ఆయన పాత డ్రమ్ మెషీన్‌లోది. దానిమీద బటన్లు ఎన్నున్నా, స్టార్ట్ బటన్ మాత్రం ఒక్కటే. సరిగ్గా అదే వారం రోజులుగా పలకడం లేదు. కొత్త పాట బీటంతా మెషీన్ కడుపులోనే ఉండిపోయింది. సాయంత్రం సినిమా డైరెక్టరు వినడానికి ఇంటికొస్తున్నాడు. నచ్చితే సినిమా మొత్తం మాస్టారిదే. లేకపోతే మళ్ళీ పుట్టినరోజు పార్టీల్లో పిల్లల గెంతులకు దరువేసుకోవడమే.

షాపాయన స్విచ్చును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఆనక ముక్కుకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఏం సార్, దీనికి స్నానం చేయించారా? సబ్బు వాసనొస్తోంది."

"రుమాల్లో చుట్టి తెచ్చాన్లెండి. ఇంతకీ ఎక్కడా దొరకదంటారా?"

"కొత్తది దొరకదు. పాత వాషింగ్ మెషీన్లలో అచ్చం ఇలాంటివే వేసేవాళ్ళు. మీ ఇంట్లో ముసలి మెషీన్ ఏదన్నా ఉందా?"

ఉంది. అత్తయ్యగారితోపాటే ఆ ఇంటికొచ్చింది. ఇద్దరిలో ఎవరి జోలికి వెళ్ళినా ప్రమాదమే.

మాస్టారు ఇంటికి చేరేసరికి అత్తయ్యగారు పక్కింటావిడతో గోడ దగ్గర కబుర్లలో ఉన్నారు. ఆ కబుర్లు ఒక పట్టాన తెమిలేవి కావు. మాస్టారు స్క్రూడ్రైవరూ సోల్డరింగ్ ఐరనూ పట్టుకుని పిల్లిలా పెరట్లోకి నడిచాడు. వాషింగ్ మెషీన్ పైమూత విప్పి చూస్తే, స్టార్ట్ బటన్ కింద అచ్చుగుద్దినట్టు అదే స్విచ్చు! దాన్ని ఊడదీసి జేబులో వేసుకుని, ఖాళీ కనబడకుండా తన చచ్చిన స్విచ్చును అక్కడ అతికించి మూత బిగించాడు.

గదిలోకొచ్చి ఆ స్విచ్చును డ్రమ్ మెషీన్‌లో పెట్టాడు. పుట్టింటికొచ్చిన ఆడపిల్లలా ఎంచక్కా కుదురుకుంది. స్టార్ట్ నొక్కాడు. టక్కున బీటు అందుకుంది. మాస్టారికి ఆనందంతో ఏడుపొచ్చినంత పనైంది.

"అల్లుడుగారూ!" పెరట్లోంచి కేక.

మాస్టారు బీటు ఆపి, ఏమీ ఎరగని మొహం పెట్టుకుని వెళ్ళాడు. "ఏమైందత్తయ్యా?"

"ఈ మాయదారి మెషీను మళ్ళీ మొరాయించిందండీ. పోయిన వారం మీరు ఊళ్ళో లేనప్పుడేగా మెకానిక్ బాగు చేసి వెళ్ళాడు! దుప్పట్లన్నీ నీళ్ళలో నానుతున్నాయి."

"వయసైపోయిందిలెండి, పాపం."

"ఎవరికి?" అత్తయ్యగారి కళ్ళు చిన్నవయ్యాయి.

"మెషీనుకేనండీ."

"నా మెషీను రాయిలాంటిది. మీ గదిలో ఉన్న టకటకల డబ్బాలాంటిది కాదు. ఉండండి, ఆ మెకానిక్‌నే రమ్మంటాను."

"రమ్మనండి, రమ్మనండి. చేసిన పనికి వాడే జవాబు చెప్పాలి," అని మాస్టారు ఎగదోశాడు కూడా. తన పాపం వాడి నెత్తిన పడుతున్నందుకు లోలోపల ఆయనకు భలే హాయిగా ఉంది.

ఇంతలో ఫోను మోగింది. డైరెక్టరు కారు పక్క సందులో కూరగాయల బండికి అడ్డంగా ఇరుక్కుపోయిందట. మాస్టారు పరుగున వెళ్ళి, బండివాణ్ణి బతిమాలి, డ్రైవర్ని బుజ్జగించి, కారు బయటికి తీయించి, డైరెక్టర్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి గంట దాటింది.

డైరెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. "చూడండి మాస్టారూ, నాకు ఓపిక తక్కువ. సోది వద్దు. బీటు వినిపించండి. ఒళ్ళు ఊగిందా, సినిమా మీది. ఊగలేదా, గ్లాసుడు మంచినీళ్ళు తాగి నా దారిన నేను పోతాను."

"ఊగకపోతే నన్నడగండి," అని మాస్టారు దర్జాగా స్టార్ట్ నొక్కాడు.

ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్ళీ నొక్కాడు. బొటనవేలితో నొక్కాడు. లోలోపల దండం పెట్టుకుంటూ నొక్కాడు. డైరెక్టరు వాచీ చూసుకున్నాడు.

అప్పుడు మొదలైంది శబ్దం, గదిలో కాదు, పెరట్లో. ధబ్, ధబ్, ధబధబ, ధబ్! గోడలు అదిరాయి. డైరెక్టరు కూర్చున్న కుర్చీ కూడా సన్నగా ఊగింది.

"ఒళ్ళు ఊగిన మాట నిజమే. కానీ ఆ వాయించేది ఎవరు?" అన్నాడు డైరెక్టరు, లేచి నిలబడి చెప్పులు వెతుక్కుంటూ.

తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, మొహం చేటంత చేసుకుని అత్తయ్యగారు గుమ్మంలోకొచ్చారు. "బంగారంలా తిరుగుతోందండీ! మెకానిక్ చెడిన స్విచ్చు తీసేసి, మీ డబ్బాలో ఉన్నది పెట్టాడు. డబ్బా బోసిగా ఉంటే మీ మనసు కష్టపడుతుందని, చెడినదాన్ని నేనే దాన్లో పెట్టించాను."

మాస్టారు స్టార్ట్ బటన్ మీంచి వేలు తీశాడు. "నా డబ్బాలో అలాంటి స్విచ్చు ఉందని వాడికెవరు చెప్పారత్తయ్యా?"

"ఒకరు చెప్పేదేముందండీ? పోయిన వారం వేసిందీ దాన్లోదేగా!"