అద్దె గదికి ఇంగ్లీషు పరీక్ష

1974 వేసవిలో ఒక ఆదివారం ఉదయం కూకట్‌పల్లిలోని పట్టాభిరామయ్యగారి వరండాకు హాజరైనవారు, బల్ల మీద కూర్చున్న వరుసలో: బ్యాంకు గుమాస్తా భీమేశ్వరరావు, బాలానగర్ ఫ్యాక్టరీ ఫిట్టరు బాలనర్సయ్య, ఆ చివర ఇస్త్రీ లేని లాల్చీలో లింగమూర్తి. ముగ్గురూ వచ్చింది పెరటివైపు గది కోసం.

పట్టాభిరామయ్యగారు కృష్ణా జిల్లాలో జీవితమంతా ఇంగ్లీషు బోధించి, హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసి, ద్రాక్షతోటల పక్కన స్థలం చవకగా దొరికిందని ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. తమ గదిలో దిగేవారికి ఇంగ్లీషు క్రియాపదాల వాడుక మీద పరీక్ష ఉంటుందన్నది ఆయన షరతు. అందుచేతనే ఆ గది చాలాకాలంగా ఖాళీగా ఉంది.

మొదట భీమేశ్వరరావును పిలిచారు.

"నిన్న నేను బజారుకు వెళ్ళాను. ఇంగ్లీషులో చెప్పండి."

చెప్పాడు. తప్పు లేదు.

"రేపు ఈపాటికి వెళుతూ ఉంటాను."

అందులోనూ లేదు.

"వాన వచ్చేసరికే నేను వెళ్ళిపోయాను."

అదీ నిర్దోషంగా వచ్చింది. ప్రశ్న ప్రశ్నకూ పెద్దాయన ముఖం వాడిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గది మీకు ఇరుకవుతుందండీ."

"చూడందే ఎలా తెలుస్తుందండీ?"

"నాకు తెలుస్తుంది."

తరువాత బాలనర్సయ్య లేచాడు.

"ఇంగ్లీష్ నాకెందుకు సార్? మిషిన్‌తోని మాట్లాడాల్నా?"

"నేర్చుకోవచ్చుగా."

"గీ వయసుల నాకేంది సార్ గీ పరేషాన్? కిరాయెంతనో చెప్పుండ్రి."

"బావిలో నీళ్ళు చాలవు," అన్నారు పట్టాభిరామయ్యగారు.

గుమ్మంలో నిలబడి వింటున్న ఆయన భార్య పద్మావతమ్మ ఇక ఊరుకోలేదు. "ఇంగ్లీషు వచ్చినవాళ్ళకీ ఇవ్వరు, రానివాళ్ళకీ ఇవ్వరు. గబ్బిలాలకిస్తారా ఏమిటండీ గది?"

బల్ల చివర లింగమూర్తి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. అతని భార్య చంద్రమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళి, పిల్లవాడితో తిరిగి రావలసి ఉంది. అతను మాత్రం ఇంకా నలుగురు మగవాళ్ళతో కలిసి ఒక్క గదిలో ఉంటున్నాడు. ఇల్లు దొరికేదాకా చంద్రమ్మను పంపేది లేదని మామగారు ఖండితంగా చెప్పారు.

"ఏం చేస్తుంటావు?" అని అడిగారు పెద్దాయన.

"కాలేజీల సార్. గంట కొడితే లోపలికి పోవాలె, గంట కొడితే బయటికి రావాలె."

"అటెండరన్నమాట," అని ఆయనే నిర్ధారించారు. "ఇంగ్లీషు వచ్చునా?"

"ఏదో గింత. తప్పులైతే మీరే జర చెప్పాలె సార్."

"నిన్న నేను బజారుకు వెళ్ళాను."

లింగమూర్తి వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"యెస్టర్డే ఐ గో బజార్."

పెద్దాయన నిటారుగా కూర్చున్నారు. "గో కాదు."

"గోడ్?"

"కాదయ్యా."

"వెంటెడ్?"

పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"పద్మావతీ, ఇద్దరికి కాఫీ. నా సుద్దముక్కల డబ్బా కూడా ఇలా ఇయ్యి."

కాఫీ చల్లారింది. వరండా గచ్చంతా సుద్దగీతలతో నిండిపోయింది. మధ్యాహ్నానికి గది తాళంచెవి లింగమూర్తి చేతిలో ఉంది.

చంద్రమ్మ పిల్లవాడిని తీసుకుని వచ్చింది. నాటినుంచి ప్రతి సాయంత్రం వరండాలో పాఠం నడిచేది. లింగమూర్తి తొందరపడే శిష్యుడు కాడు. ఒక తప్పు వదిలిందనుకుంటే మరొకటి పుట్టుకొచ్చేది. నిన్నటి పనిని రేపటిలోకి నెట్టేవాడు. రేపటి పనిని అప్పుడే ముగించేవాడు. సుబ్బరంగా చెప్పిన వాక్యం తోకలో ఏదో ఒకటి విరగ్గొట్టేవాడు.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఇటువంటి తప్పు నేను వినలేదోయ్," అనేవారు పెద్దాయన, మహదానందంగా.

అప్పుడప్పుడు చంద్రమ్మ తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

"నేర్చుకునేవాణ్ణి చూసి నవ్వకూడదమ్మా," అని ఆయన మందలించేవారు.

"నవ్వ బాబుగారూ. ఇగ నవ్వ," అని ఆమె లోపలికి పరుగెత్తేది. లోపలినుంచి మళ్ళీ నవ్వే వినిపించేది.

పద్మావతమ్మకు మాత్రం లింగమూర్తి తప్పులతో పేచీ లేదు. పదవి విడిచిన తరువాత కంచం ముందు కూర్చుని కెలికి లేచిపోయే మనిషి, ఇప్పుడు పాఠానికి వేళవుతోందని మారు అన్నం అడిగి మరీ తింటున్నారు. ఊరికి తిరిగి వెళ్ళిపోదామన్న మాట కూడా మానేశారు.

మరుసటి సంవత్సరం ఆ వరండాలోనే ఆయన షష్టిపూర్తి జరిగింది. ఇరుగుపొరుగు అందరూ వచ్చారు. పెద్దాయన లింగమూర్తిని లేపి నిలబెట్టారు.

"నిన్న నేను బజారుకు వెళ్ళాను."

"ఐ వెంట్ టు ద బజార్ యెస్టర్డే, సార్."

"రేపు ఈపాటికి?"

అదీ చెప్పాడు. వాన వాక్యమూ చెప్పాడు. ఒక్క పొల్లు తప్పలేదు. పెద్దాయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఒక మామూలు అటెండరును తీసుకుని ఇంతవాణ్ణి చేయడానికి ఎంత ఓపిక కావాలి!" అని వచ్చినవారంతా పట్టాభిరామయ్యగారి శ్రమను కొనియాడారు.

అదే సందర్భంలో, పగలంతా కాలేజీలో బి.ఏ. తరగతులకు ఇంగ్లీషు వ్యాకరణం బోధించి వచ్చి, సాయంత్రం పాఠానికని రోజుకొక కొత్త తప్పు తయారు చేసుకున్న ఉపన్యాసకులు శ్రీ లింగమూర్తి, ఎం.ఏ., గారి శ్రమను కూడా ఇందుమూలముగా కృతజ్ఞతతో నమోదు చేయడమైనది.