జీరో టికెట్

“టికెట్ కొట్టించుకుంటివి. మనిషేది తాతా?”

శామీర్‌పేట దాటిన బస్సులో కండక్టర్ వినోద గొంతు పెంచింది. ముసలాయన పర్వతాలు పక్కన కిటికీ సీటు ఖాళీగా ఉంది. దాని మీద ఆయన తువ్వాల పరిచి ఉంది. నిలబడ్డ ఒకతను కూర్చోబోతే “మనిషున్నది” అని చెయ్యి అడ్డం పెట్టాడు.

ఎక్కేటప్పుడు భార్య ఆధార్ కార్డు చూపించి, “నాకొకటి, మా సాలమ్మకొకటి, సికింద్రాబాద్‌కు” అన్నాడు. ఆడమనిషి ముందుకు వెళ్లి కూర్చుందేమో అనుకుని, వినోద ఆయన దగ్గర ఒక టికెట్‌కు పైసలు తీసుకుని, సాలమ్మకు ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చింది.

“గీడనే ఉన్నది బిడ్డా” అన్నాడు పర్వతాలు, తువ్వాల సవరిస్తూ.

“గీడ తువ్వాల ఉన్నది. మనిషేది?”

“సచ్చిపోయింది.”

వినోద చేతిలోని టికెట్ మెషీన్ ఆయన ముందు ఆడించింది.

“పరాచికాలా? లేని మనిషికి టికెట్ కొట్టిస్తే నా నౌకరి పోతది, ఎర్కేనా?”

ఊరికే ఇచ్చే టికెట్‌కే లెక్క గట్టిగా ఉంటుంది. మెషీన్లో ఎన్ని టికెట్లుంటే బస్సులో అన్ని తలలుండాలి. పోయిన నెలే వినోద ఒక తల లెక్క తప్పి మెమో తీసుకుంది. ఇంకొకటి వస్తే ఇంటికే. కొడుకు ఫీజు, ఇంటి కిరాయి, చిట్టీ, అన్నీ ఆ ఒక్క జీతంలోంచే వెళ్లాలి.

ముందు సీటు రుక్కమ్మ వెనక్కి తిరిగింది. “పైసలు లేని టికెటే గద పిల్లా. ముసలాయన ముచ్చట తీరనియ్యి.”

“నీదేం వోతది అవ్వా, పోయేది నా జీతం” అని వినోద మళ్లీ పర్వతాలు మీదికి తిరిగింది. “ఎందుకిట్ల జేసినవ్?”

“ఇయ్యాల్టికి రెండేండ్లు. శామీర్‌పేట స్టేజీ కాడనే ఛాతిల నొస్తాందన్నది. దవఖానకు ఆటో మూడు నూర్లన్నడు. బస్సు ఇప్పుడే వస్తది, ఇద్దరికీ డెబ్బై రూపాలతోటి వోతం అన్న. నా కొంగుల పైసలున్నయి, నేనే ఇస్త, ఆటోల వోదామన్నది. ఉంచు, గ్యాస్ బండకు పనికొస్తయన్న.” “బస్సొచ్చేసరికి పాణం వోయింది. నెల తిరగకముందే ఆడోళ్లకు బస్సు ఫిరీ అన్నరు. ఒక్కపారన్న దాన్ని ఎక్కియ్యాలె గద బిడ్డా.”

కిటికీలోంచి గాలి ఇంత జోరుగా కొడుతున్నా ఆ తువ్వాల అంచు కూడా కదలడం లేదని వినోద అప్పుడే గమనించింది. తర్వాతి స్టేజీలో ముసలాయన్ని దింపేస్తే పీడ పోతుందనుకుంది.

తూంకుంట దగ్గర బస్సు ఆగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అక్కడ చెకింగ్ వాళ్లు చెయ్యెత్తి నిలబడి ఉన్నారు. వినోద గబగబా పర్వతాలు మీదికి వంగింది.

“తాతా, నీ కాల్మొక్త. ఆమె ఎనక స్టేజీల దిగిందని జెప్పు.”

“జెప్ప బిడ్డా. బస్సు ఇప్పుడే వస్తదని దానికి ఒకపారి అబద్ధం జెప్పిన. ఇగ జెప్ప.”

చెకింగ్ ఆఫీసర్ మధుసూదన్ మెషీన్ అందుకుని చూశాడు. వెనక నుంచి ఒక్కొక్క టికెట్ అడుగుతూ, తలలు లెక్కపెడుతూ వచ్చాడు. అటు చూసే ధైర్యం లేక వినోద డ్రైవర్ వెనక కమ్మీ పట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడింది. ఆయన పర్వతాలు సీటు దగ్గర ఆగినట్టు తెలిసింది. చాలాసేపే ఆగాడు. ఏదో నచ్చజెబుతున్నట్టు వినపడింది. తర్వాత అడుగుల చప్పుడు ముందుకు వచ్చింది.

“సార్, ఆ ముసలాయన...” అంది వినోద ఏడుపు గొంతుతో.

“టికెట్లు నలభై రెండు, మనుషులు నలభై రెండు. లెక్క సరిపోయింది.” మెషీన్ ఆమె చేతిలో పెట్టి, మెట్టు దిగబోతూ ఆయన వెనక్కి చూశాడు. “గానీ అమ్మా, ఆయన పక్కన కిటికీ కాడ కూసున్న అవ్వకు జర నువ్వే సమజ్ చెయ్యి. ఫిరీ అని ఎంత జెప్పినా ఇంటలేదు, కొంగుముడి విప్పి నాకు పైసలియ్యవట్టింది.”