ఆకలి సూది

దేశంలో లావుగా ఉన్నవాళ్లే కనబడటం లేదట. ఆ వార్త మీద అభిప్రాయం రాసుకురమ్మన్నారు మా బయాలజీ మేడమ్. నేను ఇలా రాశాను: సన్నబడాలనుకునేవాళ్ల కోసం కనిపెట్టిన ఆకలి చంపే సూదిని మా సంక్షేమ హాస్టల్లో ప్రతి సోమవారం అందరికీ పొడుస్తున్నారు. రాత్రి వంట ఎత్తేశారు. అన్నం గుండిగలో ఇప్పుడు దుప్పట్లు నానబెడుతున్నారు. మాలో లావుగా ఉన్నవాళ్లు ముందు కూడా ఎవరూ లేరు.

"అన్నీ నష్టాలే రాసినవ్ రజితా, లాభాలేవి?" అని మేడమ్ కాగితం తిప్పిచ్చారు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "తిన్నవా బిడ్డా?"

"ఆకలైతలేదమ్మా."

అమ్మ పొంగిపోయింది. పక్కనున్న నాన్నకు చెబుతోంది: "ఇంటున్నవా? మన పిల్లకు ఆకలన్నదే తెల్వకుంట సూసుకుంటున్రు!"

లాభాల కింద ఆ మాటే రాసిచ్చాను.