ఫోనుకు పూలదండ

పటాన్‌చెరు దగ్గరి రంగుల ఫ్యాక్టరీలో సన్మాన సభ. 1974. సన్మానం టెలిఫోన్ ఆపరేటర్ షంషాద్‌కు కాబట్టి, ఆమెకు వేదిక చివర, పెద్దలు కూర్చోగా మిగిలిన కుర్చీ ఇచ్చారు.

మూడు వారాల క్రితం గోదాం అంటుకుంది. పదకొండు మంది పైకప్పు ఎక్కి కేకలు పెట్టారు. పెద్దలెవరూ ఫ్యాక్టరీలో లేరు. ఆఫీసులో ఉన్నది షంషాద్ ఒక్కతే. బీరంగూడ పక్కనున్న పెద్ద కర్మాగారం నుంచి ఫైరింజను వచ్చి, నిచ్చెన వేసి పదకొండు మందినీ దించింది.

‘ఆపరేటర్ సమయస్ఫూర్తి’ అని పేపర్లో నాలుగు వాక్యాలు పడేసరికి, మేనేజరు నరసింహమూర్తికి సన్మానం గుర్తొచ్చింది. ఫైరింజను వాళ్ళకు మాత్రం పిలుపు పోలేదు. కుర్చీలు చాలవట.

ముందుగా నల్ల టెలిఫోన్‌ను ఎర్ర గుడ్డ మీద పెట్టి దండ వేశారు. షంషాద్‌కు రెండో దండ.

“హైదరాబాదులో మీటింగులో ఉన్నాను. మా ఆపరేటరమ్మాయి ఫోన్ చేసింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ఫైరింజను పిలిపించమని ఆర్డరేశాను!” అన్నాడు మేనేజరు. చప్పట్లు.

యూనియన్ నాయకుడు సంగప్ప మైకు లాక్కున్నాడు. “ఫస్టు ఫోన్ నాకొచ్చింది. బేటీ ఏడుస్తుండె. పరేషాన్ గాకు, నేనున్న అని చెప్పిన!”

ఫోన్లు చూసే ఇంజనీరు వెంకటరామయ్య మెడలో శాలువా సర్దుకున్నాడు. “ఆ రోజు లైను ఎంత స్పష్టంగా పనిచేసిందో మీరే చూశారు!”

వెనక వరసల్లో కార్మికులు ఎందుకో నవ్వు ఆపుకుంటున్నారు.

షంషాద్ రెండుసార్లు లేవబోయింది. “కూర్చోమ్మా, నీ వంతు వస్తుంది,” అన్నాడు మేనేజరు. రోజంతా మాట్లాడటమే ఆమె ఉద్యోగం. ఆ సాయంత్రం మాత్రం అందరూ ఆమె తరఫున మాట్లాడారు.

చివరికి ఆమె చేతిలో ఒక కాగితం పెట్టారు. ‘పెద్దల మార్గదర్శకత్వం వల్లనే’ అని మొదలైంది.

“చదివెయ్యి, చాలు,” అన్నాడు మేనేజరు.

షంషాద్ ఆ వాక్యం చూసింది. ఉద్యోగం పోతుందేమో అనుకుంది. కాగితం మడిచి మైకు దగ్గరికి వెళ్ళింది.

“నేను రోడ్డు మీద లారీ ఆపి, ఎక్కిపోయి, ఫైరింజన్‌ను తోల్కొచ్చిన సాబ్, ఆ దినం పొద్దుగాల్నుంచి మన ఫోన్ బందే ఉండె.”