హనుమండ్లు వచ్చేదాకా

పదకొండున్నర అయింది. ఆవిష్కరించాల్సిన పుస్తకాల కట్టకు చుట్టిన ఎర్ర కాగితం ఇంకా విప్పలేదు.

బెల్లంపల్లి కార్మికుల కాలనీలో కమ్యూనిటీ హాలు కిటకిటలాడుతోంది. రెండు వందల కుర్చీలు వేస్తే మూడు వందల మంది వచ్చారు. సమోసాలు పదింటికే అయిపోయాయి. వేదిక మీద కైలాసం కొత్త తెల్లచొక్కా తొడుక్కుని కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి, బడి పిల్లాడిలా కాళ్లు ఊపుతున్నాడు.

"తాతా, ఇగ ఇప్పుదామా?" అంది మనవరాలు తిరుమల, మైకును చేత్తో మూసి.

"హనుమండ్లు రాలే."

"పొద్దుగాల్ల సంది గదే మాట. అసలు ఎవలు తాతా గా హనుమండ్లు?"

"వస్తే సూస్తవు గద బిడ్డా."

బొగ్గుబాయిలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు కైలాసం. రిటైరైన మర్నాడే టీకొట్టు బల్ల మీద కూర్చుని ముచ్చట్లు మొదలుపెట్టాడు. లోపల పైకప్పు కూలే ముందు ఎలా చప్పుడవుతుందో నోటితో చేసి చూపిస్తే, చేతిలో టీ చల్లారిపోయేదాకా వినేవారు. సమ్మెలో ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని ఆఫీసరు జీపును తరిమిన కథ చెబితే పడీ పడీ నవ్వేవారు. తర్వాత బడుల వాళ్లు పిలిచారు. యూనియన్ వాళ్లు పిలిచారు. పెద్దపల్లి పిలిచింది, కరీంనగర్ పిలిచింది.

అరవై ఏడో ఏట నోటుబుక్కు కొన్నాడు. తన బతుకంతా రాశాడు. తిరుమల టైపు చేసింది. మూడు వందల పేజీలు. రిటైర్డు లెక్చరర్ ఉపేందర్‌రావు భాష సరిచేసి పెడతానన్నాడు.

"మీరు సరిచేస్తే గది మీ బుక్కైతది సారూ" అని తిప్పి పంపాడు కైలాసం. మంచి పని చేశాడు. అయినా ఈరోజు ముఖ్య అతిథి ఆ సారే.

అట్ట మాత్రం ఎవరికీ చూపలేదు. ప్రెస్సుకు తనే పోయి, తనే చెప్పి, కట్ట కట్టించి తెచ్చుకున్నాడు. మనవరాలిని కూడా ముట్టుకోనివ్వలేదు.

మొదటి అధ్యాయమంతా హనుమండ్లే. చెన్నూరు దగ్గర గోదావరి ఈదిన హనుమండ్లు. పటేలు తోటలో జామకాయలు దొంగిలించి దొరికిపోయిన హనుమండ్లు. ఇరవై రెండేళ్లకు పని వెతుక్కుంటూ ఊరు విడిచిన హనుమండ్లు. రెండో అధ్యాయంలో బాయి మొదలవుతుంది. ఆ తర్వాత అతను ఎక్కడా కనిపించడు.

"గాయినె ఏమైండు తాతా?" అని టైపు చేసేటప్పుడే అడిగింది తిరుమల.

"నా నౌకరి కోసం వాన్ని నేనే మాయం జేసిన."

అంతకుమించి చెప్పలేదు. ఇప్పుడు మాత్రం పట్టు విడవడం లేదు.

"వాడు రాకుంటే గీ బుక్కు అబద్ధం. ఒక్క కాపీ గూడ బయటికి పోనియ్య. కట్ట ఇంటికి మోస్కపోత" అన్నాడు మైకులోనే. హాలంతా గొల్లుమంది.

ముందు వరుసలోంచి వెంకటి లేచాడు. బాయిలో ఒకే షిఫ్టులో పనిచేసిన దోస్తు.

"అరే కైలాసం, ముప్పై ఏండ్లు నీతోని లోపలికి దిగిన. గా పేరు నీ నోట ఎన్నడు రాలే. వాని పెండ్లాన్ని గిట్ట లేపుకచ్చినవార?"

అందరికంటే గట్టిగా నవ్వింది కైలాసమే. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ఉపేందర్‌రావు గడియారం చూసుకున్నాడు. "పది నిమిషాలే చూస్త కైలాసం. పెద్దపల్లిల పెండ్లికి పోయేదున్నది."

"పెండ్లి పిలగాడు రాకుంటే లగ్గమైతదా సారూ? గిదీ గంతే. జర ఓపిక పట్టుండ్రి. మా అక్క వస్తే వాడస్తడు. అక్క ఆటో ఎక్కిందట."

అక్క ఐలవ్వది చెన్నూరు. ఎనభై మూడేళ్లు. తల్లి పోయాక తమ్ముణ్ని సాకింది ఆమే. ఏటా దసరాకు వచ్చి, తమ్మీ తమ్మీ అంటూ నాలుగు రోజులుండి పోతుంది.

పన్నెండుకు ఆటో వచ్చింది. మూడు వందల తలలు గుమ్మం వైపు తిరిగాయి.

ఐలవ్వ ఒక్కతే దిగింది.

తిరుమల పరుగెత్తి ఆటో వెనక సీటు చూసింది. పొగాకు సంచి తప్ప ఏమీ లేదు.

"అవ్వా, హనుమండ్లు ఏడి?"

ఐలవ్వ కర్ర పొడుచుకుంటూ వేదిక వైపు నడిచింది.

"రాలే, రాలే" అని హాలంతా గుసగుసలు.

"ఇగ మోస్కపోర కైలాసం నీ బుక్కులు. ఓ దిక్కు నేను పట్టుకుంట" అన్నాడు వెంకటి.

ఉపేందర్‌రావు కండువా సర్దుకుని లేచాడు. కైలాసం కాళ్లు ఊపడం ఆపాడు. చేయి పట్టి అక్కను మెట్లెక్కించాడు.

"అక్కా, పిలువు."

"గింతమంది ముంగటనా? పిలువొచ్చునా తమ్మీ?"

"పిలువక్కా. ఏమైతే గాయె."

ఐలవ్వ మైకు లాక్కుని, ఎన్నడో కన్నుమూసిన కైలాసం అనే చుట్టం కాగితాలతో బాయిలో నౌకరికెక్కి నలభై ఎనిమిదేళ్లుగా ఆ పేరుతోనే బతుకుతున్న తమ్ముడి మొహంలోకి చూసి, "ఓరి హనుమండ్లూ, ఏడ సచ్చినవ్‌రా గిన్నేండ్లు" అంది.